కొండెంగ తేనె పేరు ఎవరిది?

2007 ఎండాకాలంలో ఖమ్మంలో వెబ్‌సైట్ల పేర్లు అమ్మే ఒక చిన్న ఆఫీసులో నాకు ‘పేర్ల పరిశీలన అధికారి’గా ఉద్యోగం దొరికింది. హోదా ఘనంగానే ఉంది గానీ, ఆఫీసులో ఉన్నది మా సారు, నేను, ఒక కూలర్. అందులో కూలర్ నాకంటే పై హోదా. అది ఆగితే సారు కంగారుపడేవారు. ఇరవై తొమ్మిదో ఏటనే ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను కనుక ఈ జ్ఞాపకాలు కాస్త ముందుగా రాస్తున్నాను.

పనికొస్తాయనిపించిన పేర్లను, అంటే డొమైన్లను, సారు ముందే కొని పెట్టుకుని, కావలసినవాళ్లు వస్తే అమ్మేవారు. అమ్మేముందు మూడు సంగతులు చూడటం నా పని. ఆ పేరు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో ఎవరిదైనా ఉందా? రిజిస్టర్ చేయకపోయినా ఆ పేరుతో ఎవరైనా సరుకు అమ్ముతున్నారా? పేజీలో పెట్టిన బొమ్మ ఇంకొకరు గీసిందా? మూడోది కాపీరైట్ సంగతి. రెండోదాన్ని మా సారు ‘నీ అనుమానం’ అనేవారు.

మిర్చి యార్డు వ్యాపారి ఒకాయన ‘కొండెంగ తేనె’ పేరు కొంటానని వచ్చాడు. సారు ఆ పేరు కిందటేడు కొని, పేజీలో ఒక కొండెంగ, అంటే కొండముచ్చు, బొమ్మ కూడా పెట్టారు. ఎక్కడిదని అడిగితే ఏదో సీసా మీదిదన్నారు. రిజిస్ట్రీలో ఏమీ దొరకలేదు. చిక్కేమిటంటే, ఆ సీసా మా ఇంట్లో కూడా ఉంది.

“రిజిస్ట్రీల లేదంటే మనదే. నీ లొల్లి ఏంది?” అన్నారు సారు. ఒక్కసారి కనుక్కొస్తానని భద్రాచలం బస్సెక్కాను.

అడవి పక్క ఊళ్లో ఒక మహిళా సంఘం ఆ తేనె అమ్ముతోంది. సంఘం పెద్ద సీతమ్మ సంగతి విని ముందు నవ్వింది.

“మా కొండెంగ మీ కంప్యూటర్ల ఏం చేస్తున్నది తమ్మీ?”

కొనేదెవరో చెప్పాక నవ్వు ఆగింది. రాములవారి కల్యాణానికి వచ్చే యాత్రికులు బొమ్మ చూసే సీసా తీసుకుంటారు. అదే పేరు, అదే బొమ్మ ఇంకొకరి చేతికి పోతే సంఘం పని అంతే.

“తేనె మా తాననే ఉంటది. అడిగేటోళ్లే ఆయన తానకు పోతరు” అన్నది.

రిజిస్టర్ చేయకపోయినా ముందునుంచి వాడుతున్నవాళ్లకు పేరు మీద హక్కుంటుంది. కానీ రుజువు కావాలి, సంతలో బిల్లులుండవు. అప్పుడు వాళ్లు సీసాలు నింపడం చూశాను. ఖాళీవి వెనక్కి తీసుకుని, లోపల కడిగి, మళ్లీ నింపుతారు. పాత లేబుల్ పీకడం దండగని, కొత్త ఏడాది అంకె వేసిన లేబుల్ దాని మీదే అంటిస్తారు. అన్నిటికంటే లావు లేబులున్న సీసా ఒకటి అడిగాను. సీతమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని తానే ఖమ్మం వచ్చింది.

ఆఫీసులో వ్యాపారి కూడా ఉన్నాడు. అది నిన్నమొన్న పెట్టిన పేరని ఆయన వాదన. నేను సీసాను వేడినీళ్ల బకెట్‌లో పెట్టాను. తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. టీ తాగాం.

“మంచిగ నానని సారూ. మా బస్సు సాయంత్రముంది” అన్నది సీతమ్మ.

పొరలు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. ఈ ఏడాదిది, కిందటేడుది, అలా 2003 దాకా. వెనక్కి పోయినకొద్దీ కొండెంగ సన్నబడి చివరికి ఉడతలా తేలింది. గీసింది సీతమ్మ మరిది. ఏటేటా ఆయన చెయ్యి తిరిగిందన్నమాట. సారు పేరు కొనడానికి ముందే ఇన్నేళ్ల వాడకం ఉందని తేలాక, సంఘం కోర్టుకెక్కితే పేరూ సరుకూ రెండూ పోతాయని వ్యాపారికి చెప్పాను. తనకు మిర్చి చాలని ఆయన లేచాడు.

బకెట్‌లో ఇంకో పొర కదిలింది. అది ఒక మద్యం కంపెనీ లేబుల్. మొత్తం వ్యవహారంలో రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ అదొక్కటే.

“ఇగ చాలు. బయటికి తియ్” అన్నారు సారు.

ఆయన బొమ్మ తీసేసి, పేరును కొన్న ధరకే సంఘానికి రాసిచ్చారు. బొమ్మను సీతమ్మ మరిది తన ఇష్టంతో మళ్లీ పెట్టించుకున్నాడు, ఈసారి లావుగా.

రిజిస్ట్రీలో పేరు లేదంటే ఎవరూ దరఖాస్తు పెట్టలేదని అర్థం. ఎవరిదీ కాదని కాదు. ఆ తర్వాత ఏ పేరు అమ్మకానికొచ్చినా రిజిస్ట్రీతో పాటు సంత కూడా చూశాను. సీసాలను మాత్రం అడుగు పొర దాకా నానబెట్టలేదు.