ఇటుకల పండగ నాడు మా ఔట్‌పోస్టు

1969 చైత్రంలో నన్ను శృంగవరపుకోట అవతల, కొండల అంచున ఉన్న పోలీసు ఔట్‌పోస్టుకు హెడ్ కానిస్టేబులుగా వేశారు. నక్సలైట్ల పోరాటంతో ఏజెన్సీ అట్టుడికిపోతున్న రోజులవి. నాది విజయనగరం. కొండల్ని దూరం నుంచి చూడటమే తప్ప ఎక్కి ఎరగను.

నాలుగో రోజు ఉదయం మా ఎస్సై మిగతావాళ్లను తీసుకుని గాలింపుకు బయల్దేరుతూ నాతో "హోల్డ్ ది ఫోర్ట్" అన్నారు. ఆయన సైన్యంలో చేసి వచ్చిన మనిషి. నేను వచ్చేదాకా ఈ చోటు నీ బాధ్యత అని పై అధికారి అప్పగించే మాట అది. ఆఫీసుల్లో గుమాస్తాలు టీకి వెళ్తూ కూడా అంటుంటారు. నాకు మాత్రం అందులో యుద్ధమే వినిపించింది. రెండు గదుల పెంకుటిల్లు, చుట్టూ ఇసుక బస్తాలు, తోడు కానిస్టేబుల్ అప్పలనాయుడు. అదీ నా కోట!

మధ్యాహ్నం కొండ మీద డప్పులు మోగాయి. విల్లంబులు, గొడ్డళ్లు పట్టుకుని ఇరవై మంది దాకా చెట్ల మధ్య నడుస్తున్నారు. ఇటు రోడ్డుకి అడ్డంగా ఎవరో దుంగ పడేశారు. ముందు దారి మూస్తారు, తర్వాత మీద పడతారు అని శిక్షణలో నేర్పిందే కళ్లముందు కనిపించింది. వైర్‌లెస్‌లో పిలిస్తే గరగర తప్ప జవాబు లేదు. రైఫిళ్లు లోడ్ చెయ్యమన్నాను.

"ఆగండి బాబూ! ఇది ఇటుకల పండగండి," అన్నాడు అప్పలనాయుడు. అతనిది ఆ కొండ దిగువ ఊరే. "మగోలు ఏటకెల్తారు. ఆడోలు దారికి దుంగేసి, వచ్చీపోయీవోల్ని ఆపి డబ్బులడుగుతారు. ఏటేటా ఉన్నదే."

నోరుముయ్యమన్నాను. నిజం చెప్పాలంటే, వీడూ వాళ్లలో కలిసిపోయాడేమోనని అనుమానించాను. భయం అంత పాడుది.

ఇంతలో ఆడవాళ్లు దుంగ దాటి మా వైపే రాసాగారు. ముందున్న ముసలామె గుండెకి గురిపెట్టాను. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. అప్పలనాయుడు రైఫిల్ కింద పెట్టి, ఇసుక బస్తాలు దూకి, నా గురికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"ఏటత్తా, మా కాడ కూడా వసూలేటి?" అన్నాడు.

"పోలీసోడికి పండగ నేదేటి?" అంది ఆమె నవ్వుతూ. అతను జేబులోంచి ఏదో తీసి ఆమె చేతిలో పెట్టాడు. వాళ్లు పాడుకుంటూ వెళ్లిపోయారు. నా వేలు ట్రిగ్గర్ మీంచి తీయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆయుధం వదిలి పోస్టు దాటడం పెద్ద నేరం. సాయంత్రం ఎస్సైకి జరిగింది జరిగినట్టు చెప్పాను, నా అనుమానంతో సహా. ఆయన అప్పలనాయుడి మీద ఏమీ రాయలేదు. "నేను తిరిగొచ్చేసరికి ఎవరూ చచ్చి ఉండకూడదు, నీకు అప్పగించింది అదే," అన్నారు నాతో.

తర్వాత ఎక్కడికి బదిలీ అయినా, చేరిన రోజే స్థానిక కానిస్టేబుల్ని కూర్చోబెట్టి ఇక్కడ ఏ నెలలో ఏం చేస్తారో అడిగేవాణ్ణి. భయపడటం తప్పు కాదు. తెలిసినవాడు చెబుతుంటే నోరుముయ్యమనడం తప్పు. ఆ రోజు అతను నా మాట విని ఉంటే ఆ ముసలామె బతికేది కాదు.