సింకు కింద ఉండలు

ఆ రోజుల్లో నా దృష్టిలో ఇల్లు సర్దడమంటే, కంటికి కనపడే వస్తువును కనపడకుండా చేయడమే. కొత్తగా ఉద్యోగంలో చేరి విజయవాడలో మేడమీద వాటా అద్దెకు తీసుకున్నాను. వంటగది నిండా కబోర్డులు. తలుపు మూస్తే లోపలి సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి కందిపప్పు, ఫినాయిలు, బట్టల సబ్బు, కంకిపాడు నుంచి అమ్మ పంపిన సున్నుండలు ఒకే అరలో సఖ్యంగా కాపురం చేసేవి. బొద్దింకలు కూడా (అవి నాకంటే ముందు అద్దెకు దిగినట్టు ధీమాగా తిరిగేవి). ఆఫీసులో ఒకావిడ చెప్పిందని, ఒక ఆదివారం బోరిక్ పౌడరు, గోధుమపిండి, పంచదార పాలతో కలిపి ఉండలు చేశాను. మూలల్లో పెట్టగా మిగిలినవి స్టీలు డబ్బాలో వేసి సింకు కింద తోశాను. డబ్బా మీద పేరు రాయాలని తోచలేదు. చేసింది నేనే కదా, గుర్తుండదా అనుకున్నాను.

ఆ సాయంత్రం కుళాయి కారుతోందంటే, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు బాబాయిగారు చూడటానికి వచ్చారు. ఆయనకు షుగరు. పిన్నిగారు తీపి దరిదాపులకు రానిచ్చేవారు కాదు. నేను ఆరిన బట్టలు తీసుకుని వచ్చేసరికి, ఆయన సింకు ముందు చతికిలబడి ఉన్నారు. ఒక చేతిలో పానా, రెండో చేతిలో సగం కొరికిన ఉండ.

"నెయ్యి కాస్త తగ్గినట్టుందమ్మా," అన్నారు.

"ఉమ్మేయండి బాబాయిగారూ, అది బొద్దింకల మందండీ," అన్నాను. 

ఉమ్మేశారు గానీ, కొంత అప్పటికే లోపలికి పోయింది. పిన్నిగారిని పిలిచి ముగ్గురం ఆటో ఎక్కాం. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన నా వైపు వంగి, "అందులో పంచదార ఉన్న సంగతి మీ పిన్నిగారికి చెప్పకమ్మా," అని గుసగుసలాడారు.

"నాకు చెవులు బానే ఉన్నాయండీ," అన్నారు ఆయన అవతల కూర్చున్న పిన్నిగారు.

డాక్టరు చూసి, పోయింది కొద్దిగానే, భయం లేదన్నారు. కాసేపు కూర్చోబెట్టి పంపించేశారు.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు మేడెక్కి వచ్చారు. నాలుగు చివాట్లు పడతాయనుకుని తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ కొంగు దోపుకుని కబోర్డులన్నీ ఖాళీ చేయించారు. "తినేవి ఇటు, తినకూడనివి ఆ పై అరలో. దానికి తాళం. ప్రతి డబ్బా మీదా పేరు రాయి," అన్నారు. సున్నుండల డబ్బా మీద మాత్రం ఆవిడే స్వయంగా రాశారు, "బాబాయిగారికి కాదు" అని.

ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా "ఉప్పు" అని ఉంటుంది. మా అమ్మాయి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. అంత చేసినా, ఆనాడు సింకు కింద ఉండలు తోసిన ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. పాపం, ఇరవై మూడేళ్ళది మరి.