దారం ఎటు ఎగిరింది

ఆ వీధిలో ఆయన్ని ముళ్ల మేస్త్రి అంటారు. కొత్తగా విన్నవాళ్లు, నోరు తెరిస్తే గుచ్చే మనిషి కాబోలని కాస్త దూరంగా నిలబడతారు. ఇవి ముల్లుకు ముళ్లు కావు, ముడికి ముళ్లు. కార్లలో కరెంటు తీగల పని చేసే ఈ మేస్త్రి, కంటపడిన ప్రతిదానికీ ముడి వేస్తాడు. జేబురుమాలు మూలకు ముడి ఉంటే ఎవరికో మాటిచ్చాడని అర్థం. ముడి ఉన్న గుడ్డ నూనె తుడవడానికి, లేనిది అద్దాలు తుడవడానికి. ఒకే రంగు తీగలు రెండు పక్కపక్కన ఉంటే, ఒకదానికి గోరంత ముడి పడాల్సిందే.

"ఈయన బుర్ర తలలో లేదు, గుడ్డపీలికల్లో ఉంది" అనేది భార్య. అలా అంటూనే ఉతికే ముందు రుమాలు ముడి జాగ్రత్తగా విప్పి, ఆరాక అదే మూలకు మళ్లీ వేసి పెట్టేది.

చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో ఒక ఉదయం ఆయన కుడిచెయ్యీ మాటా ఒకేసారి పడిపోయాయి. పలక మీద రాత తుడిచినట్టు. కుడికాలు కొంత నిలబడింది, మాట మాత్రం తిరిగి రాలేదు. "ఎంత వింటున్నాడో, ఎంత అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆవిడ గుండెలో పడి అక్కడే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే ఆయన ముందు కూర్చుని గ్లాసు చూపించి "ఇదేంటి?" అంటుంది. తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుని "మరి నేనెవరు?" అని అడుగుతుంది. ఆయన చూస్తాడు, కిటికీ వీధిని చూసినట్టు. కిటికీకి అవతల మనిషి ఉన్నాడా, వట్టి గదే ఉందా? ఆవిడకి తెలియాల్సింది అదొక్కటే.

ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఆయన్ని రోజూ షెడ్డుకు తీసుకొస్తుంది. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టుకున్న షెడ్డు అది. రేకుల కప్పుకు సన్నని చిల్లులు. మధ్యాహ్నానికి నూనె మరకల నేల మీద ఎండచుక్కలు నక్షత్రాల్లా పరుచుకుంటాయి. ఆ నక్షత్రాల మధ్య ఆయన కుర్చీ. మూలనున్న కుట్టుమిషన్ దగ్గర ఆవిడ కార్ల సీట్లకు తొడుగులు కుడుతూ, సూది చూసినంత సేపు ఆయన్నీ చూస్తూ ఉంటుంది.

ఒకరోజు దర్జీ తన కారుతో వచ్చాడు. పక్క వీధిలో కొట్టున్న మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. చొక్కా నిండా రంగురంగుల దారప్పోగులు, ఎవరో కుడుతూ మధ్యలో వదిలేసిన మనిషిలా ఉంటాడు.

"మళ్లీ పొంగింది తమ్ముడూ!" అన్నాడు మేస్త్రి తమ్ముడితో. "కూడలిలో ఎర్రదీపం పడి ఆగానో లేదో, వేడి చూపించే గేజులో ముల్లు చెట్టెక్కి కూర్చుంది. అది బండా, టీ కెటిలా?"

"పరిగెడుతున్నప్పుడో?"

"పరిగెడితే బంగారం. ఆగితేనే కోపం. సంతలో మా ఆవిడలాగే అనుకో, ఎక్కడా నిలబడనివ్వదు."

తమ్ముడు తల గోక్కున్నాడు. మంచి పనివాడే, కాకపోతే చేతులకు తొందరెక్కువ. బానెట్ ఎత్తి అన్నీ మళ్లీ చూశాడు. రేడియేటర్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. గొట్టాల్లో కారడం లేదు. ఫ్యూజు బాగుంది. వేడి ముదిరాక నీళ్లను వదిలే థర్మోస్టాట్ కూడా కొత్తదే.

"ఫ్యాను మోటారులో కరెంటందించే బ్రష్‌లు అరిగిపోతే మొన్న నేనే మార్చాను కదా. అప్పట్నుంచి గిర్రున తిరుగుతోంది. ఇంకేం చెయ్యమంటావు?"

"మీ అన్నయ్యకి చూపించకపోయావా?" అన్నాడు దర్జీ అలవాటుగా. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

తమ్ముడు పానా వైపు చూస్తూ, "అన్నయ్యకి ఇప్పుడేం తెలుస్తుంది" అన్నాడు మెల్లిగా.

కుట్టుమిషన్ ఆగింది.

"మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఆ మాట ఆయన ముందే అనాలా?"

"వింటున్నాడంటావా వదినా?"

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. మిషన్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

తమ్ముడు ఇంజను స్టార్ట్ చేసి వదిలేశాడు. ముల్లు నెమ్మదిగా పైకి పాకింది. సగం దాటాక రేడియేటర్ వెనక ఫ్యాను గుర్రుమంటూ లేచింది. రెక్కలు కనబడకుండా పోయి బూడిదరంగు వలయం ఒకటి గాలిలో నిలిచింది. అయినా ముల్లు దిగలేదు.

ఆ చప్పుడుకు మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నారు. తర్వాత ఎడమచెయ్యి లేచింది. గాలిలో ఏదో అడిగింది.

"నీళ్లా? నిండుగానే ఉన్నాయన్నా."

చెయ్యి దిగలేదు.

"ఇంటికెళ్దామా?"

"దాహమేమో ఉండు" అంటూ ఆవిడ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. ఆయన గ్లాసును పక్కకు నెట్టాడు. నీళ్లు నేల మీది ఎండచుక్కల్లో ఒలికిపోయాయి. ఆయన వేలు దర్జీ గుండెకేసి చూపిస్తోంది.

"నా చొక్కా కావాలా మేస్త్రీగారూ? ఇదొక్కటే సొంతంగా కుట్టుకున్నది, ఇవ్వను!" అంటూనే దగ్గరికొచ్చి వంగాడు దర్జీ.

మేస్త్రి రెండు వేళ్లతో ఆ చొక్కా మీదినుంచి ఎర్రదారప్పోగు ఒకటి తీశాడు. ఒడ్డున నిలబడ్డ కొంగ చేపను తీసినంత నెమ్మదిగా. తర్వాత కారు ముందుభాగం వైపు గడ్డం ఎగరేశాడు.

"కుర్చీ జరపమంటున్నారు!" అంది ఆవిడ. ఆవిడా దర్జీ కలిసి కుర్చీని సిమెంటు మీద కీచుమనిపిస్తూ కారు ముందుకు లాగారు. ఆయన చెయ్యి చాచి, దారం కొసను రేడియేటర్ ముందున్న జాలీకి దగ్గరగా పట్టుకున్నాడు.

దారం జాలీకి అతుక్కోలేదు. వెనక్కి ఎగిరి ఆయన మీసాన్నే తాకింది.

ఆయన తమ్ముడి వైపు తిరిగి, బుగ్గలు పొంగించి ఫూ అని ఊదాడు. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఛాతీ నిండా, భుజాలు లేచేలా ఊపిరి లోపలికి పీల్చాడు. ఆ ఊపిరిని పట్టి ఉంచి, తల నిలువుగా ఊపాడు.

తమ్ముడి చేతిలోంచి పానా జారి పడింది.

"వదినా... ఫ్యాను వెనక్కి తిరుగుతోంది! బయటి చల్లగాలి లోపలికి లాగాల్సింది పోయి, ఇంజను వేడిగాలిని బయటికి నెడుతోంది. బండి పరిగెడితే ఎదురుగాలి దానంతటదే దూరి ఎలాగో కాపాడుతోంది. ఆగితే ఆ ఆసరా ఉండదు. నేను తిరగడం చూశాను గానీ ఎటు తిరుగుతోందో చూళ్లేదు."

ఇంజను ఆపి, బ్యాటరీ తీగ ఊడదీసి, అన్నీ చల్లారేదాకా ఆగి లోపలికి చూశాడు. మోటారుకి వెళ్లే తీగలు రెండూ నల్లవే. ఎప్పుడో కాలిపోతే అన్నయ్య చేతికి దొరికిన నల్లతీగ చుట్టతోనే రెండూ వేశాడు. మొన్న తాను బ్రష్‌లు మార్చేటప్పుడు అతుకు దగ్గర మోటారు వైపొకటి, బండి వైపొకటి చిన్న ముళ్లు కనబడ్డాయి. అన్నయ్య పిచ్చి అనుకుని విప్పేసి, తీగల్ని నున్నగా దువ్వి, చేతికందినట్టు కలిపేశాడు. ముడి ఉన్నదానికి ముడి ఉన్నదే కలవాలని, ఆ రెండు ముళ్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయని ఇప్పుడు తెలిసింది. తీగల వరస తప్పితే మోటారు ఆగదు. బుద్ధిగా తిరుగుతూనే ఉంటుంది, అటు కాకుండా ఇటు.

తీగలు మార్చి కలిపి, మళ్లీ ఇంజను స్టార్ట్ చేశాడు. ఫ్యాను లేచింది. ఈసారి దర్జీ తన చొక్కా మీది దారాలన్నీ పీకి జాలీ ముందు చల్లాడు. అన్నీ చటుక్కున వెళ్లి అతుక్కున్నాయి. ఎరుపు, పసుపు, నీలం. రేడియేటర్ అంత పెద్ద ఊపిరిని ఎవరో రంగుదారాలతో కుట్టి చూపించినట్టుంది. ముల్లు ఒక్కో వెంట్రుకవాసి దిగి సగానికి వచ్చి ఆగింది.

"గాలి కూడా కనబడుతుందని ఇన్నాళ్లూ తెలీదు నాకు" అన్నాడు దర్జీ. ఆ తర్వాత అతనే నోరు మూసుకున్నాడు. ఆ వీధిలో ఎవరూ కనీ వినీ ఎరగని సంగతి అది.

ఆవిడ మాత్రం దారాల్ని చూడటం లేదు. ఆయన ఛాతీని చూస్తోంది. మూడు వేల మాటల పని రెండు ఊపిరుల్లో చెప్పిన ఛాతీ.

ఇంజను ఆగింది. మేస్త్రి ఎడమచేతి వేళ్లు రెండు ఒకదాని మీదుగా ఒకటి తిరిగాయి.

"ఇప్పుడు సరిపోయింది కదన్నా, ఇక ముడెందుకు..." అనబోయి తమ్ముడే ఆగి, అతుకు విప్పి తీగను బయటికి లాగి అందించాడు.

ముడికి రెండు చేతులు కావాలి. ఆయన ఎడమచేత్తో ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఆవిడ కుడిచేతికి వచ్చింది. ఆవిడ తిప్పింది, దూర్చింది, లాగింది. ముడి జారిపోయింది.

ఆయన తలెత్తి ఆవిడ వైపు చూశాడు. కనుబొమలు కలిసి, పెదవి ఒక పక్కకు లాగి. రుమాలు ముడి తప్పు మూలకు వేసినప్పుడల్లా ఆవిడ తిన్న చూపు అది. "ఇన్నేళ్లయినా ముడి వెయ్యడం రాలేదా నీకు?" అనే చూపు.

"తిట్టారు!" అని కేక పెట్టింది ఆవిడ, కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే. "తమ్ముడూ, చూశావా? నన్ను తిట్టారు!"

ఎన్ని నెలల తర్వాతో ఆవిడ ఊపిరి పీల్చుకుంది. తర్వాత తీగ కొసను మళ్లీ వేళ్లకు చుట్టుకుంది.

"సరే సరే, లాగకండి. మీ వైపు గట్టిగా పట్టుకోండి."

ఆయన గట్టిగా పట్టుకున్నాడు.