అంచెట్టి దారిలో గౌరి ఫొటో

జేబులో పట్టే ఆ చిన్న కెమెరా కొన్న కొత్తలో దానితో నాకు అస్సలు కుదరలేదు. దానికి జూమ్ లేదు. నాకేమో దూరంగా నిలబడి, ఎవరికీ తెలియకుండా ఫొటోలు తీయడం అలవాటు.

మూడేళ్ల కిందట తమిళనాడులో, హోసూరు దగ్గరి అంచెట్టి దారిలో బస్సు కోసం కాచుకొని ఉన్నాను. రోడ్డవతల ఒక పెద్దావిడ ముసలి ఆవును మేపుతోంది. ఇవతల నుంచే ఫొటో తీశాను. ఇద్దరూ చీమలంత పడ్డారు. ఆమె నన్ను చూడనే చూసింది.

"ఆడ నిలబడితే ఏం కనపడుతుందప్పా? ఈడికి రా," అనింది.

తమిళ బోర్డుల మధ్య ఆ తెలుగు విని ఆశ్చర్యపోయాను. దగ్గరికెళ్లి, అడగకుండా తీసినందుకు ఏమనుకోవద్దన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

"నన్ను వద్దు, మా గౌరిని తియ్యి. రేపు సంతకు తోలుకొని పోతారు," అని కొంగుతో ఆవు మొహం తుడిచింది. తన నుదుటి కుంకుమ కొంచెం తీసి దాని నుదుట అద్దింది.

రెండడుగుల దూరం నుంచి తీశాను. తెర మీద చూస్తే ఆవు మెడ మీద ఆమె చెయ్యి కూడా పడింది.

"చెయ్యి లేకుండా ఇంకొకటి తీస్తానమ్మా," అన్నాను.

"వద్దప్పా. నా చెయ్యి లేకుండా అది యాడికీ పోయింది లేదు."

తర్వాతి వారం హోసూరులో ప్రింటు వేయించి, ఆ దారి బస్సు కండక్టరుకు ఇవ్వబోయాను. ఆ పెద్దావిడ పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కవరు మీద 'గౌరి వాళ్లమ్మకు' అని రాసి, ఆమె ఆవును మేపిన చోటు చెప్పి ఇచ్చాను.

చేరిందని కండక్టరు చెప్పినాడు.