మా ఇంట్లో జరిగిన ఐదో తరగతి

ఆ రోజు చేపల వేట నుంచి తిరిగొచ్చి ఇంట్లో అడుగుపెట్టేసరికి మా అమ్మాయి హారిక బుగ్గలు నిండుగా కనిపించాయి. నాకు ముచ్చటేసింది. నేను గిలకలదిండిలో బోటు డ్రైవర్‌ని. రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాను కాబట్టి ఇంట్లో మార్పులన్నీ నాకు ఒక్కసారిగా కనిపిస్తాయి. "పిల్ల కాస్త ఒళ్లు చేసిందే" అన్నాను నా భార్య సుజాతతో. "అంతా మీ అమ్మ తినిపించే తిండి" అని ఆమె దెప్పింది. మా అమ్మ ఆ దెప్పుని మెప్పుగానే తీసుకుంది.

మర్నాడు పొద్దున్న పిల్ల కళ్లు తెరవలేకపోయింది. రెప్పలు అంతగా వాచాయి. సాయంత్రానికి ఆ వాపు తగ్గింది గానీ కాళ్లు బరువెక్కాయి, చెప్పులు పట్టలేదు. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లాం.

బందరులో పిల్లల డాక్టర్ గారు యూరిన్ టెస్ట్ రాశారు. రిపోర్ట్ చూసి, "ఆల్బుమిన్ ఫోర్ ప్లస్ ఉంది. దీన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారండీ" అన్నారు. నాకు ఏమీ ఎక్కలేదని ఆయనకు అర్థమైంది. "మీ వల కన్నాలు పెద్దవైతే చేప జారిపోతుంది కదండీ. పాప కిడ్నీలోంచి అలా ప్రోటీన్ జారిపోతోంది. మందులకి లొంగే జబ్బే, కాకపోతే ఓపిక కావాలి" అన్నారు. కిడ్నీ డాక్టరుకి చూపించమని విజయవాడ పంపారు. అక్కడ బ్లడ్ టెస్టులు, స్కాన్ చేసి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఎండు చేపలు, పచ్చళ్లు, అప్పడాలు అసలు వద్దన్నారు. మా అమ్మ నలభై ఏళ్లుగా ఎండు చేపల వ్యాపారం చేస్తోంది. మా పెరటి గాలిలోనే ఉప్పుంటుంది. ఆ మాట వినగానే సుజాతా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

వాపు త్వరగానే దిగింది. హమ్మయ్య అనుకున్నాం. మందు డోసు తగ్గిస్తుండగా పిల్లకి బడిలో జలుబు అంటుకుంది, జలుబు వెంట జబ్బు తిరగబెట్టింది. దాన్ని రిలాప్స్ అంటారు. దాన్నుంచి తేరుకునేలోగా మరో రిలాప్స్. ఈసారి కడుపులో ఇన్ఫెక్షన్ చేరి విజయవాడలో అడ్మిట్ చేయాల్సి వచ్చింది. సెలైన్ ఎక్కుతున్న ఆ చిన్న చేతిని పట్టుకుని కూర్చుంటే తుఫానులో బోటు నడపడమే నయమనిపించింది. డిశ్చార్జ్ చేస్తూ డాక్టర్ గారు, "ఇమ్యూనిటీ తగ్గే మందులు వాడుతున్నాం. నేను చెప్పేవరకూ పాపని స్కూల్‌కి పంపకండి, నలుగురిలోకీ తీసుకెళ్లకండి" అన్నారు.

ఇంటికి వచ్చాక మా బావ పరామర్శకి వచ్చాడు. కోడూరు నుంచి బస్సులో అరటిపళ్లతో దిగి, పళ్లతో పాటు సలహా కూడా ఇచ్చాడు. "ఈ ఏడు చదువు మానిపించెయ్యి. పిల్ల బతికుంటే అదే పదివేలు. వచ్చే ఏడు మళ్లీ ఐదులోనే కూర్చుంటుంది" అన్నాడు. మంచికే అన్నాడు. గదిలోంచి హారిక వింది. దాని తోటి పిల్లలంతా వచ్చే ఏడు ఊళ్లోని బడి వదిలి హైస్కూలుకి వెళ్తారు. తనొక్కతే చిన్నపిల్లల మధ్య మిగిలిపోతుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. స్టెరాయిడ్ వాడే పిల్ల అన్నం మానేసిందంటే ఆ మందు వాడినవాళ్లకి తెలుస్తుంది అదెంత పెద్ద విషయమో. ఆ మందు ఆకలి పెంచేస్తుంది, మామూలు రోజుల్లో పొద్దున్న తొమ్మిదింటికే మధ్యాహ్నం కూరేంటని అడిగేది.

మరుసటి చెకప్‌లో డాక్టర్ గారిని అడిగాను, చదువు ఆపేయమంటారా అని. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశారు. "జబ్బు కిడ్నీకండీ, బుర్రకి కాదు. స్కూల్ వద్దన్నాను గానీ చదువు వద్దనలేదే" అన్నారు.

ఆ మాట పట్టుకుని హారిక టీచర్ దగ్గరికి వెళ్లాను. గ్రేసీ టీచర్ గారిది నాగాయలంక వైపు ఒక పల్లె. మాట మెత్తన, పట్టు గట్టి. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అన్నయ్య గారూ? రోజూ ఫోన్‌లో పాఠం చెప్పిద్దాం. వీడియో పెడదాం" అన్నారు. ఇక్కడే చిక్కొచ్చింది. స్టెరాయిడ్ వల్ల హారిక మొహం గుండ్రంగా ఉబ్బింది, బుగ్గల మీద నూగు వచ్చింది. డాక్టర్లు మూన్ ఫేస్ అంటారు. పిల్ల అద్దానికి తువ్వాలు కప్పేసింది. "వీడియో అయితే నాకు చదువే వద్దు" అని తేల్చి చెప్పింది.

సరే, మాటతోనే కానిద్దాం అన్నారు టీచర్ గారు. బడి అయ్యాక తరగతి పిల్లల్లో రోజుకొకరు ఆనాటి పాఠం హారికకి ఫోన్‌లో చెప్పాలి. మొదటి రోజు దివ్య చెప్పింది. మా హారిక "ఊఁ, ఊఁ" అంటూనే ఉంది. ఏం విన్నావే అని అడిగితే తెల్లమొహం వేసింది. అప్పుడు మా బోట్ల పద్ధతి పెట్టాను. వైర్‌లెస్‌లో ఒక బోటు వాళ్లు చెప్పిన మాటను రెండో బోటు వాళ్లు తిరిగి చెప్పాలి. తిరిగి చెప్తేనే విన్నట్టు లెక్క. మాట అయిపోగానే ఓవర్ అనాలి. హారిక కూడా పాఠం విని తిరిగి చెప్పాలి, అవతలివాళ్లు తప్పులు పట్టాలి. అందరివీ వేటకెళ్లే ఇళ్లే, పిల్లలకి ఈ ఆట భలే పట్టేసింది. "భిన్నాల కూడిక, విన్నావా, ఓవర్" అని ఒకరు, "హారం వేరైతే ఏం చెయ్యాలి, మళ్లీ చెప్పు, ఓవర్" అని మా పిల్ల. బడిలో అల్లరి కూడా తగ్గిందని టీచర్ గారు నవ్వారు. సాయంత్రం పాఠం చెప్పాల్సినవాళ్లు పగలు వినక తప్పదు కదా.

ఇలా చక్కగా సాగుతున్నప్పుడు కాళ్లకి మళ్లీ నీరు పట్టింది. అందరం విజయవాడ పరుగెత్తాం. యూరిన్‌లో ఆల్బుమిన్ ట్రేస్, అంటే జాడ మాత్రమే ఉంది. బీపీ మాత్రం ఎక్కువగా ఉంది. "రిలాప్స్ కాదే. ఏం తింది?" అన్నారు డాక్టర్ గారు. సుజాత ఒట్టేసి చెప్పింది, ఉప్పు రాయి కూడా తగలనివ్వలేదని. అప్పుడు మా అమ్మ చీర కొంగు సర్దుకుని, "ఉప్పు కడిగేశానండీ" అంది.

జరిగింది ఇది. ఉప్పు నీళ్లలో కరుగుతుందనే పాఠం ఫోన్‌లో వచ్చింది. హారిక తిరిగి చెప్తుంటే పక్కన కూర్చుని మా అమ్మ కూడా శ్రద్ధగా వింది. పిల్లకి ఎన్నాళ్లుగానో ఉప్పు చేప కోసం నాలుక పీకుతోంది. నీళ్లలో కరిగిపోయేదానికి భయమెందుకని నాయనమ్మా మనవరాలూ కూడబలుక్కున్నారు. చేప ముక్కలు రాత్రంతా నానబెట్టడం, నీళ్లు పారబోయడం, కూర వండుకోవడం. అలా వారం రోజులు ఎవరికీ తెలియకుండా పండగ చేసుకున్నారు.

డాక్టర్ గారు ముందు కోప్పడ్డారు, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు. "కండలో పట్టిన ఉప్పు అంత తేలిగ్గా పోదమ్మా. ప్రయోగం మంచిదే, పేషెంట్ మీద చెయ్యకండి" అన్నారు. బీపీకి మాత్ర రాశారు. నీరు దిగింది. మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. "పాఠం తప్పా, నేను తప్పా?" అని టీచర్ గారికి స్వయంగా ఫోన్ చేసింది. టీచర్ గారు, "అది మా పిల్లలే తేలుస్తారు పిన్నీ. ప్రయోగం మొదలుపెట్టింది హారిక కాబట్టి పాఠం కూడా తనే చెప్పాలి" అన్నారు.

ఆ ప్రయోగం రోజు నేను వేటకి పోకుండా ఇంట్లోనే ఉన్నాను. బడిలో బల్ల మీద గిన్నె, నీళ్లు, మా అమ్మ పంపిన ఉప్పు చేప. హారిక ఇంట్లోంచి ఫోన్‌లో చెబుతోంది. "నానబెట్టిన నీళ్లు వేరే గిన్నెలో పోసి ఇగిరిపోయేదాకా మరిగించండి. అడుగున ఏం కనిపిస్తోంది?" అంది. "తెల్లగా ఏదో ఉందే" అంది దివ్య. "ఎంత తెల్లగా? ఎంతుంది?" "ఏమో, నువ్వే చూడాలి." హారిక ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత వీడియో తనే నొక్కింది.

తెర నిండా పిల్లల తలలు. వాళ్లకి మా హారిక గుండ్రటి మొహం కనిపించింది. దివ్య గిన్నెని తెర దగ్గరికి తెచ్చి, "ఇదిగో, చూశావా? ఇప్పుడేం చెయ్యాలి చెప్పు" అంది. అంతే. ఆ మొహం గురించి ఒక్కరూ అడగలేదు. వాళ్లకి పాఠం తొందర. చేపని మళ్లీ మళ్లీ నానబెట్టి, ఆ నీళ్లు మరిగించి చూశారు. ప్రతిసారీ గిన్నె అడుగున ఉప్పు మిగిలింది. పాఠం తప్పు కాదు, ఓపిక చాలలేదని మా అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. నేను మాత్రం పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. అంత సంతోషంగా నేను ఏనాడూ ఏడవలేదు. లోపలికి వచ్చేసరికి అద్దం మీద తువ్వాలు లేదు. అది హారిక భుజం మీద ఉంది, స్నానానికి వెళ్తోంది.

డాక్టర్ గారు ఒప్పుకున్నాక హారిక తన తరగతితో పాటే హైస్కూలుకి వెళ్లింది. మొదటి రోజు నేను కూడా బయల్దేరితే, "నాన్నా, అందరూ నవ్వుతారు, నువ్వు రావద్దు" అని ఆటో ఎక్కేసింది. ఇప్పుడు ఏడో తరగతి. మాత్రలు ఆపేశారు. చెకప్‌లు ఉన్నాయి. ఆల్బుమిన్ పోతోందేమోనని పొద్దున్నే యూరిన్ స్ట్రిప్ తనే ముంచి రంగు చూసుకుంటుంది.

బిడ్డ ఇంట్లో పడి ఉన్న తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒక్కటే. జబ్బు సంగతి మొదటి వారంలోనే బడికి చెప్పండి, పాఠం ఇంటికి రప్పించుకోండి. వారానికి ఒక్క పాఠమైనా బిడ్డ చేత అవతలివాళ్లకి చెప్పించండి. మందు ఇచ్చేది మనమే, తిండి పెట్టేది మనమే, పాపం అని జాలిపడేది కూడా మనమే. ఇన్ని పుచ్చుకునే బిడ్డకి ఇవ్వడానికి కూడా ఏదో ఒకటి ఉండాలి.

మొన్న నాగాయలంక నుంచి ఒకావిడ గ్రేసీ టీచర్ గారి ద్వారా నా నంబరు తెలుసుకుని ఫోన్ చేసింది. మూడో తరగతి చదివే వాళ్ల పాపకి ఇదే జబ్బట. ఎవరితోనూ మాట్లాడటం లేదట, మొహం గోడకి తిప్పి పడుకుంటోందట. నాకు తోచిన ధైర్యం చెబుతున్నాను. హారిక నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, పాపకి ఇవ్వమని అడిగింది. ఎలా ఉన్నావని అడగలేదు. "నేను మూడో తరగతి లెక్కలన్నీ మర్చిపోయాను. నువ్వు మూడే కదా, ఎక్కాలతో మొదలుపెట్టి నాకు చెప్పవా?" అంది. అవతలి నుంచి సన్నటి గొంతు రెండో ఎక్కం మొదలుపెట్టింది.