మాస్టారు వెనక్కి రాని రోజు

జెండా అక్క నోటి సంగతి ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పాలవాడు ఆలస్యం చేసినా, పక్కింటివాళ్ళ చెత్తబుట్ట తన గుమ్మం వైపు జానెడు జరిగినా ఇల్లు పీకి పందిరేస్తుంది. అదే మనిషి ఉద్యోగానికెళ్ళి షూటింగ్ రేంజిలో అడుగుపెడితే, అబ్బే, గొంతు పైకి లేవదు. తుపాకులున్న చోట అరవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని ఆమెకు నూరిపోసింది మాస్టారు.

అక్కడ తుపాకీ పట్టినవాళ్ళలో సగంమంది ఆయన చేతికింద తయారైనవాళ్ళే. అక్కకు ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. "టార్గెట్ కాగితాలు మార్చేవాడున్నాడే, బుద్ధిమంతుడమ్మా, కళ్ళు మూసుకుని చేసుకో" అని పెళ్ళి కుదిర్చిందీ ఆయనే. ఈమధ్య ఆయన అడిగిందే అడుగుతున్నారు, చెప్పిందే చెబుతున్నారు. పెద్దవారు, పోనీలే అని అక్క చూసీ చూడనట్టు ఊరుకుంటోంది.

కాగితాలు మార్చడానికి మనిషి మైదానంలోకి వెళ్ళేటప్పుడు ఎర్రజెండా ఎగరేయడం అక్క పని. జెండా పైనున్నంతసేపూ అందరూ పసుపు గీత వెనక్కి వచ్చేయాలి. బల్లమీద తుపాకీని వేలితో కూడా ముట్టుకోకూడదు, ఖాళీదైనా సరే. ముట్టుకుంటే ఎంతటివాడైనా ఆ పూటకి ఇంటికే. ఈ కట్టుబాటు పెట్టింది కూడా మాస్టారే.

ఆ ఉదయం జెండా ఎగిరింది. అక్క భర్త చెవులకు చప్పుడు వినపడకుండా మఫ్‌లు బిగించుకుని, కాగితాల చుట్ట చంకన పెట్టుకుని టార్గెట్ల దగ్గరికి వెళ్ళాడు. అందరూ గీత వెనక్కి వచ్చారు. మాస్టారు మాత్రం కదల్లేదు. తాపీగా రైఫిల్ చేతిలోకి తీసుకున్నారు.

"మాస్టారూ, జెండా పైనుందండీ," అంది అక్క.

"కనబడుతోందిలే. గురిచూసే దుర్భిణి వదులైంది, బిగించుకుంటున్నా."

"కింద పెట్టేయండి. ఆయన వచ్చాక బిగించుకుందురుగాని."

మాస్టారి ముఖం జేవురించింది. "ఏమిటే, నువ్వు నాకు నేర్పేది? నీకు తుపాకీ పట్టుకోవడం నేర్పిందెవరు? ఖాళీది అంటున్నానా!" అంటూ ఆ విసురుకి రైఫిల్ ఇటూ అటూ ఆడించారు. దాని గొట్టం మైదానం మీదుగా ఊగి, వంగి కాగితం అంటిస్తున్న మనిషి వీపు వైపు వచ్చి ఆగింది. ఆయన వేలు ట్రిగ్గర్ దగ్గరే ఉంది.

అక్కకు పైప్రాణాలు పైనే పోయాయి. వెనకనుంచి ఎవరో "ఓయ్!" అనబోతే, తిరిగి చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. మొగుణ్ణి పిలుద్దామంటే అతనికి వినపడదు. దూకి లాక్కుందామంటే, ఆ పెనుగులాటలో వేలు ఎటు బిగుస్తుందో ఎవడికి తెలుసు? మాస్టారి మీద ఒళ్ళు మండిపోతోంది. చెడామడా తిట్టాలని నాలుక దురద పెడుతోంది. ఎదురు మాట్లాడేకొద్దీ ఆయన మొండికేస్తారని కూడా ఆమెకు తెలుసు.

ఒక అడుగు పక్కకు వేసి, ఆయనకు కనబడేలా నిలబడింది.

"మాస్టారూ," అంది నెమ్మదిగా, "ఖాళీదే అయ్యుంటుంది. నాకు మాత్రం భయంగా ఉందండీ. అక్కడున్నది మా ఆయన. నా కాళ్ళు వణుకుతున్నాయి, చూడండి."

ఆయన నిజంగానే ఆమె కాళ్ళకేసి చూశారు. తర్వాత మైదానంలోకి చూశారు. అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతి అప్పుడే తెలిసినట్టు వేలు తీసేశారు. గొట్టం ఎటూ తిప్పకుండా పైకెత్తి, రైఫిల్‌ని మెల్లగా బల్లమీద పెట్టారు.

అక్క వెళ్ళి బోల్టు లాగింది. తూటా ఒకటి ఎగిరి బల్లమీద పడి దొర్లింది.



"తీసేశాను కదమ్మా," అన్నారు మాస్టారు. "తీసినట్టే గుర్తుంది నాకు."

అక్కకు ఏడుపొచ్చింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పు," అన్నారాయన.

"ఇంటికెళ్ళండి, మాస్టారూ."

"ఈ పూటకేనా?"

అక్క జవాబు చెప్పేలోపే భర్త తిరిగొచ్చాడు. పాపం, వాడికేం తెలుసు? చిల్లులు పడిన పాత కాగితం పట్టుకుని మొహమంతా నవ్వే. "చూశారా మాస్టారూ! అన్నీ నట్టనడుమే పడ్డాయి. మీ చేతికి ఎదురు లేదండీ!"

మాస్టారు కాగితం చూడలేదు. అతని భుజంమీద చెయ్యేసి, వీపు నిమిరి, చాలాసేపు అలాగే ఉంచేశారు. అతను అయోమయంగా పెళ్ళాం వంక చూశాడు.

"ఈ పూటకే కాదండీ," అంది అక్క. "ఇంకెప్పుడూ తుపాకీ ముట్టుకోవద్దు."

మాస్టారు తలూపారు. "ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి," అన్నారు. తర్వాత అతని భుజం ఆసరాగా పట్టుకుని, "నన్ను గేటుదాకా దిగబెట్టు నాయనా," అన్నారు.