చెనిక్కాయలూ, నా వింతల పుస్తకమూ

మా నాయనది పామిడిలో చెనిక్కాయల మండీ, అంటే వేరుశనగల వ్యాపారం. దాని పక్కనే చిల్లరంగడి. పొట్లాలు కట్టేదానికి అంగడికి పాత వారపత్రికలు మూటలు మూటలుగా వచ్చేవి. ఎనిమిదో తరగతితో నా చదువు మాన్పించినారు గదా, ఇంక నాకు ఆ పాత కాగితాలే బడి. కథలు సగం సగం దొరికేవి, చివరికి ఏమైందో తెలియక ఒళ్ళు మండేది. పేజీ మూలల్లో వింతలని నాలుగు వరసలు వేస్తారు చూడండి, అవి మాత్రం పూర్తిగా దొరికేవి. వాటిని కత్తిరించి, మైదాపిండి ఉడకబెట్టి, ఒక నోటుబుక్కులో అంటించుకున్నాను. చుట్టాలొస్తే చాలు, ఆ బుక్కు తెచ్చి ముందర కూర్చునేదాన్ని. ‘నీ కూతురి నోరు మూతే పడదా శెట్టీ?’ అని అడిగినోళ్ళు కూడా ఉన్నారు.

అరవైల మొదట్లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఆ నోటికి పని దొరికింది. మాదిక్కు ఏటా రోహిణి కార్తెలో విత్తనం కోసం కాయలు ఒలుస్తారు. మిషనుకేస్తే విత్తనం పైపొర చిట్లుతుంది, మొలక రాదు. అందుకని కూలి ఆడోళ్ళు ఇరవై మంది మా వసారాలో వరసగా కూర్చుని, కాయ మీద నీళ్ళు చిలకరించి, బొటనవేలితో నొక్కి ఒలిచేవాళ్ళు. ఒలుస్తా ఒలుస్తా రెండు గింజలు నోట్లో వేసుకునేది మామూలే. నాయనకు అది కడుపుమంట. ‘పాపా, నీ బుక్కు తెచ్చి చదువు. వినేటోళ్ళు నమలరు’ అన్నాడు.

ఎంత తెలివో మా నాయనకు! నేను చదువుతాంటే వాళ్ళు నోళ్ళు తెరిచి వినేవాళ్ళు. తెరిచిన నోట్లోకి రెండు గింజలు పోయేచోట నాలుగు పోయేవి. నేను చూసి కూడా చెప్పలేదు. నాకు వినేటోళ్ళు దొరికినారు, అది చాలు.

సినిమాల్లో గుర్రం పరుగు చప్పుడు కొన్నిసార్లు టెంకాయ చిప్పలు కొట్టి చేస్తారని చదివితే, ‘థూ, నేను టూరింగు టాకీసులో చెవులు రిక్కించి విన్నది చిప్పలనా!’ అని ఒక ముసలామె నిజంగానే కోపగించుకునింది. చెనిక్కాయ ఈ దేశం పంట కాదు, సముద్రాల అవతలి నుంచి వచ్చిందంటే ఎవ్వరూ ఒప్పుకోలేదు. ‘పో పాపా, మా అవ్వ కూడా ఈ కాయలే తినింది’ అన్నారు. వజ్రకరూరు చేలల్లో వాన పడినాక వజ్రాలు ఏరుకుంటారని చదివితేనేమో పడీ పడీ నవ్వినారు. వాళ్ళలో నలుగురు పోయి ఏరి వచ్చినోళ్ళే! ‘ఇది కూడా వింతేనా? కాగితమోనికి పనిలేదు’ అన్నారు.

ఎనిమిది కాళ్ళ సముద్రపు జంతువుకు మూడు గుండెలుంటాయని చదివిన రోజు, గోడవారన ఒలుస్తా కూర్చున్న ఒక కూలి అక్క తలెత్తింది. ‘అదృష్టం పాపా. ఒకటి పగిలినా ఇంకా రెండు మిగుల్తాయి’ అనింది.

ఆ అక్కకు మొగుడు పోయి రెండేళ్ళు. పిల్లల్లేరు. మొగుని భాగం రెండెకరాల మెట్ట చేను ఒకటే ఆమెకున్న ఆస్తి. దాన్ని తనకు ఇచ్చేసిందని మరిది ఒక కాగితం తెచ్చినాడు. కింద ఆమె వేలిముద్ర ఉందంట. వచ్చే ఆదివారం చావడిలో పంచాయితీ. ఈసారి విత్తనం ఎవరు వేస్తారో ఆడ తేలుస్తారు.

‘నువ్వు వేసినావా అక్కా?’

‘నేనెందుకు వేస్తాను? కానీ ఏలు ఏలు ఒకటే గదా పాపా. అందరిదీ నల్ల మచ్చే. నాది కాదని ఎట్ల చెప్పేది?’

నేను ఎగిరి గంతేసినాను. ఆ వింత నా బుక్కులో ఉండాది! లోకంలో ఏ ఇద్దరి వేలిగీతలూ ఒకటి కావు. వాటిని చూసి దొంగల్ని పట్టే కచేరీ మన కలకత్తాలోనే అందరికంటే ముందు పెట్టినారు. గట్టిగా చదివినాను. ఇరవై మందీ పని ఆపినారు. ఆ అక్క నా దగ్గరకొచ్చి, ‘ఇంగొకసారి చదువు’ అనింది. మూడుసార్లు చదివించుకునింది.

ఆదివారం నేను కూడా చావడికి పోయినాను. ‘పంచాయితీలో ఆడపిల్లకేం పనే?’ అని మా అవ్వ అరుస్తానే ఉండింది. మా నాయన పెద్దమనుషుల్లో ఒకడు కాబట్టి ఆయన వెనకే నడిచినాను. నా బుక్కు చదివి వినిపించి, ‘అక్క ముద్ర ఇప్పుడు వేయించండి, పక్కపక్కన పెట్టి చూడండి’ అన్నాను. గర్వంతో నేల మీద కాళ్ళు నిలవలేదనుకోండి.

సిరా పూసి వేయించినారు. మరిది కాగితం మీది ముద్రలో గీతలు ముగ్గేసినట్టు స్పష్టంగా ఉన్నాయి. అక్క వేసిన దాంట్లో ఒక్క గీత లేదు. వట్టి మసి మరక. మళ్ళీ వేయించినారు. మళ్ళీ మరకే. మరిది పకపకా నవ్వి, ‘ఏమమ్మా పాపా, దేన్ని దేనితో చూడాల?’ అన్నాడు. నా నోటిదూల వల్ల ఆమె చేను పోతాందని ఏడుపొచ్చింది.

అక్క ఏడవలేదు. తన వేలు తానే చూసుకుంటా నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది. ‘పాపా, ఆ కాగితం యాపొద్దు రాసిందో చదువు.’

చదివినాను. పోయినేడు రోహిణి కార్తె.

‘శెట్టప్పా,’ అని మా నాయన దిక్కు తిరిగింది. ‘పోయినేడు రోహిణిలో నేను యాడుంటి?’

‘మా వసారాలోనే ఉంటివి కదమ్మా. కార్తె పొడుగునా ఒలిస్తివి.’

‘ఒలిచే దినాల్లో ఈ ఏలికి తోలుంటుందా? గీత యాడిది సామీ?’ అని చెయ్యి ఎత్తింది. వెనక నిలబడిన ఆడోళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి బొటనవేళ్ళు చాపినారు. చర్మం లేచిపోయి, ఎర్రగా, నున్నగా అన్నీ ఒకటే. ఏటేటా మా వసారాలో ఆ వేళ్ళ ముందరే తిరిగినోళ్ళం మేము. నేను గానీ మా నాయన గానీ ఒక్కనాడూ చూడలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఒక పెద్దాయన మరిదితో, ‘మీ ఇంట్లో కాయలు ఒలవనోళ్ళు ఎవరప్పా? పిలువు, వాళ్ళ ఏలు చూద్దాం’ అన్నాడు. మరిది పెళ్ళాం ఎన్నడూ కూలికి పోయిన మనిషి కాదు. పిలవలేదు. కాగితం మడిచి పెద్దాయన చేతిలో పెట్టి, చెప్పులేసుకుని పోయినాడు.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. ‘ఈ వింత కూడా నీ బుక్కులో రాసుకో పాపా’ అనింది. రాసినాను. కింద ముద్ర వేస్తానంటే, ‘వేలు మానినాక రా అక్కా, గీతలు బాగా పడతాయి’ అన్నాను.

‘వద్దు. ఇదే నాది’ అని వేసింది.

ఆ ఏడు వాన సరిగ్గా పడింది, ఆమె చేను ఆమే విత్తుకునింది. బుక్కు ఇప్పటికీ నా పెట్టెలో ఉండాది. మొన్న మా మనవరాలు తిరగేస్తా, ‘ఇదేందవ్వా, ఈడ ఇంకు ఒలికింది?’ అనింది.

‘ఒలకలేదే,’ అన్నాను. ‘అది సంతకం.’